నాకేమీ కాలేదని చెప్పిన రోజు

ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది. మొదట్లో కలం పట్టుకోబుద్ధి అయ్యేది కాదు. తర్వాత, బతికి బయటపడ్డాను కదా, ఇక రాయడానికేముంది అనిపించింది. కానీ నాతో పనిచేసే అమ్మాయిలు, "సిస్టర్, అసలేం జరిగిందో వరసగా చెప్పండి" అని అడుగుతూనే ఉన్నారు. నోటితో చెబితే నేనెప్పుడూ నవ్వొచ్చే సంగతులే చెప్పి, భయపడిన సంగతులు దాటేస్తాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నా పేరు సుందరమ్మ. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లోనే పుట్టాను. మా తాత భీమిలి దగ్గర నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నర్సు చదువు పూర్తయిన దగ్గర నుంచి ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో పని. అందులోనూ, దెబ్బలు తగిలినవాళ్లను తెచ్చి మొదట పడుకోబెట్టే గది నాది. క్యాజువాల్టీ అంటాం. యంత్రంలో వేళ్లు నలిగినవాళ్లు, రైల్వే యార్డులో బండ్ల మధ్య పడినవాళ్లు, సైకిలు మీద నుంచి పడినవాళ్లు, అందరూ ముందు అక్కడికే వస్తారు. నా భర్త దేవదానం రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా అత్త సంతోషమ్మ, ఆరేళ్ల పాప కరుణ, మేమిద్దరం ఖరిదా పేటలో ఉంటాం.

అత్తకు నా ఉద్యోగం గిట్టేది కాదు. "పరాయి మగోల్ల గుడ్డలు కోసి, రగతం కడిగే పనేటి పని? బడిపంతులమ్మవి అయినా బాగున్ను" అనేది. మా ఆయన ఆమెకు వంత పాడేవాడు కాదు, అలాగని అడ్డూ చెప్పేవాడు కాదు. వార్తాపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

గదిలో నా కింద శేఫాలి అనే అమ్మాయి పనిచేసేది. ఊళ్లోనే ఇందా అనే పేట నుంచి వచ్చే బెంగాలీ పిల్ల. తెలుగును రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా వర్క్‌షాపు వాళ్ల తెలుగే మాట్లాడేది. నేను చెప్పబోయే ప్రమాదానికి నెల రోజుల ముందు ఆ పిల్లను నేను అందరి ముందూ తిట్టాను. యార్డులో దెబ్బ తగిలి వచ్చిన ఒకతను దాహం దాహమని ఏడుస్తుంటే జాలిపడి గ్లాసు నోటికి అందించబోయింది. లాక్కున్నాను. "లోపలేం తెగిందో తెలియని మనిషికి నీల్లిస్తావేటి? ఇంకో గంటలో ఆపరేషన్‌కి ఎల్లాల్సినోడు. మత్తులో ఆ నీల్లు కక్కుకుని ఊపిరి ఆగిపోతే నువ్వు తెచ్చిస్తావా?" అని అరిచాను. మాట సరైనదే. అన్న తీరు సరైనది కాదు. రోగుల ముందు, ఆయాల ముందు ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. ఆనాటి నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నేనూ పట్టించుకోలేదు.

రథయాత్ర అయిపోయిన మరుసటి వారం. పొద్దున్నే వాన. డ్యూటీకి ఆలస్యమవుతోందని కరుణకు ఒక జడ వేసి, రెండోది వాళ్ల నానమ్మను వెయ్యమని చెప్పి బయటపడ్డాను. ఎప్పుడూ ఎక్కే రిక్షానే, బనమాలిది. అతను ఒడియా మనిషి, నన్ను "మా" అని, అంటే అమ్మా అని, పిలిచేవాడు. బజారు దాటి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఇటుకల లారీ వచ్చింది. లారీ మమ్మల్ని గుద్దలేదు. అంచుతో రాసుకుంటూ పోయిందంతే. రిక్షా పక్కకు ఒరిగి, నేను ఎడమ పక్కగా మురికికాలవ గట్టు మీద పడ్డాను. గట్టు ఇటుకల అంచు సరిగ్గా నా పక్కటెముకల కింద తగిలింది. కాసేపు ఊపిరి అందలేదు. తర్వాత అందింది.

లేచి కూర్చుని చూస్తే బనమాలి ముంజేయి చీరుకుపోయి ఉంది. రిక్షా రేకు కోసింది. రక్తం ఎగజిమ్ముతోంది. అతను దాన్ని వింతగా చూస్తూ నిలబడ్డాడు. నేను అతన్ని కింద కూర్చోబెట్టి, చేతిరుమాలు మడత పెట్టి గాయం మీద అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. ఎవరో ఇంకో రిక్షా పిలిచారు. ఆసుపత్రి చేరేదాకా నా రెండు చేతులూ అతని చేతి మీద నుంచి తియ్యలేదు. దారంతా అతను "మా, రిక్షా, మా, రిక్షా" అంటూనే ఉన్నాడు. నా గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలవాటు అలాంటిది.

గదిలోకి అడుగుపెట్టగానే అందరి కళ్లూ ఆ రక్తం మీదే. డాక్టర్ కుట్లకు కూర్చున్నాడు. ఎవరో, "సిస్టర్, మీకేమైనా తగిలిందా?" అని అడిగారు.

"నాకేమీ కాలేదు. చీరకు బురద అంటింది, అంతే" అన్నాను.

ఆ మాట అంటుంటేనే నాకు కళ్లు తిరిగాయి. పొద్దున ఏమీ తినలేదు కదా అనుకున్నాను. కట్టుగుడ్డలు తేవడానికి బీరువా దగ్గరకు వెళ్లాను. ఎడమ భుజం లాగుతోంది. నేను భుజం మీద పడలేదు. ఎడమ పక్కటెముకలకు దెబ్బ తగిలి, తగలని భుజం నొప్పి పెడుతోందంటే లోపల ఆ పక్కనే ఉండే ప్లీహం చిట్లి రక్తం కారుతోందేమో చూడాలని ఎంతమంది నర్సు పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఆ పాఠం నాకు గుర్తొచ్చింది కూడా. అయినా, దారంతా బనమాలి చెయ్యి ఎత్తి పట్టుకున్నాను కాబట్టి భుజం లాగుతోందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెలిసినవాళ్లు తమను తాము మోసం చేసుకోవడం తెలియనివాళ్లకంటే తేలిక. కారణాలు చేతికి అందేలా ఉంటాయి.

గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నోరు పిడచకట్టుకుపోతోంది. అప్పుడు శేఫాలి వచ్చి అడక్కుండానే నా మణికట్టు పట్టుకుంది.

"ఏటిది?" అన్నాను.

"పల్సు సూస్తన్నాను దీదీ."

"నాకేటయింది? బనమాలిని సూడు."

"ఆడికి డాక్టర్ బాబు ఉన్నారు." గడియారం చూసుకుంటూ లెక్కపెట్టింది. "తొంభై ఎనిమిది."

"కంగారులో ఎవులికైనా అంతే ఉంటాది. ఎల్లు."

వెళ్లింది. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. ఈసారి లెక్కపెడుతుంటే దాని ముఖం మారడం చూశాను.

"నూట ఇరవై. ఒక్కపాలి సూస్తే లెక్క కాదు, రెండోపాలి సూడాలని నువ్వే కదా సెప్పినావు?" అంది. "నొప్పెక్కడ?"

"ఎక్కడా నేదు."

"మరి భుజమెందుకు పట్టుకున్నావు దీదీ?"

చూసుకున్నాను. నా కుడిచెయ్యి నా ఎడమ భుజం మీద ఉంది. ఎప్పుడు వెళ్లిందో నాకే తెలీదు.

"పడుకో దీదీ."

"నాను డ్యూటీలో ఉన్నాను."

"ఇప్పుడు నువ్వు డ్యూటీలో నేవు. ఇప్పుడు నువ్వు రోగివి." ఆ మాట గట్టిగానే అంది. గది మొత్తం ఇటు తిరిగింది. నన్ను మళ్లీ అడక్కుండా సర్జన్‌కు కబురు పంపింది.

అలా, పన్నెండేళ్లుగా ఇతరులను పడుకోబెట్టిన బల్ల మీద నేను పడుకున్నాను. పడుకోగానే భుజం నొప్పి రెట్టింపయింది. ఇక నన్ను నేను మోసం చేసుకోవడానికి వీల్లేకపోయింది. భయం అప్పుడు వచ్చింది. అది చల్లగా కాళ్ల దగ్గర మొదలై పైకి వచ్చింది. చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన ప్రార్థన ఒక్క ముక్క కూడా గుర్తురాలేదు. కరుణకు రెండో జడ వేశారో లేదో, అదొక్కటే తలలో తిరుగుతోంది.

ఆ బల్ల మీద నుంచి పైకప్పు తప్ప ఏమీ కనబడదని అంతకుముందు నాకు తెలీదు. మనుషులు ముఖాల్లా కనబడరు. గడ్డాలు, ముక్కుపుటాలు వచ్చి పోతుంటాయి. మాటలు మన మీదుగా ఇటు నుంచి అటు పోతుంటాయి. సర్జన్ గారు నా పొట్ట మీద చెయ్యి వేసి, ఎవరితోనో బెంగాలీలో, గట్టిపడిందని అన్నారు. నాకు బెంగాలీ వచ్చు. ఆ మాట నాతో అనలేదు. నేనూ ఎన్నో ఏళ్లు రోగుల తల మీదుగా అలాగే మాట్లాడాను. వాళ్లకు అర్థం కాదనుకునేదాన్ని. వాళ్లు ప్రతి మాటా పట్టుకుని దాన్నే నములుతూ పడుకుంటారని అప్పుడే అర్థమైంది.

శేఫాలి మాత్రం వంగి తన ముఖం నా ముఖానికి ఎదురుగా తెచ్చింది. "దీదీ, లోపల రగతం పోతంది. సర్జన్ బాబు ఆపరేషన్ సేస్తారు. నాను పక్కనే ఉంటాను. ఇప్పుడు చీర కోస్తన్నాను, కత్తెర సల్లగా ఉంటాది" అని చెప్పింది. ముందు నా మీద దుప్పటి కప్పి, దాని కిందనే కోసింది. నేను ఎంతమంది బట్టలు కోశానో! వాళ్లలో ఎవరికీ ముందుగా చెప్పిన గుర్తు లేదు. అవసరం అలాంటిది, నిమిషాలు లెక్కపెట్టుకునే చోటు. కానీ ఆ నాలుగు మాటలకు నిమిషం కూడా పట్టలేదు. కోస్తున్నంతసేపూ చేతులు పనిచేస్తూనే ఉన్నాయి, నోరూ మాట్లాడుతూనే ఉంది.

"శేఫాలీ, కూసింత నీల్లు" అన్నాను. నేనే అన్నాను.

ఆ పిల్ల కత్తెర పక్కన పెట్టింది. నెల కిందటి సంగతి మా ఇద్దరికీ గుర్తొచ్చిందని కళ్లు కలవగానే తెలిసింది. "ఇవ్వను దీదీ" అంది, మెల్లగా. తర్వాత చిన్న గుడ్డముక్క తడిపి, పిండి, నా పెదాలకు అద్దింది. అలా అద్దుతూనే ఉంది. నేను ఆరోజు గ్లాసు లాక్కున్నాను గానీ, ఆ మనిషి పెదాలు తడపాలని నాకు తోచలేదు.

ఆ తర్వాత బయట ఏం జరిగిందో నాకు కొన్నాళ్లకు మా ఆయనా, బనమాలీ చెప్పారు.

వర్క్‌షాపుకు కబురెళ్లింది. ఆయన నూనె చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. అత్త కరుణను చంకనెత్తుకుని వచ్చింది. రక్తం ఎక్కించాలి, ఎవరైనా ఇవ్వాలి అనేసరికి ఆయన చొక్కా చెయ్యి మడిచాడు. అత్త అడ్డం పడింది.

"ఓలమ్మో, రగతం తీసేస్తే ఈడు మరి బరువెత్తగలడా? ఈడూ మంచాన పడితే గుంటనెవులు సూస్తారు?" అని కరుణను చూపిస్తూ కొడుకు చెయ్యి వదలదు. ఆయన విదిలించుకోలేడు. భయమంటే అదే. ఆమె చెడ్డది కాదు. తన భర్తను యార్డులో పోగొట్టుకుంది. ఉన్న ఒక్కడినీ గట్టిగా పట్టుకుంది.

శేఫాలి బయటికి వచ్చింది. అరవలేదు. ఆమెను వరండా బల్ల మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని, రెండో చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "అమ్మా, నీ కోడలికి బయట దెబ్బ నేదు, లోపలుంది. కుండకు చిల్లి పడింది. డాక్టర్ బాబు చిల్లి మూస్తారు. కానీ మూసేలోపు కుండ కాలీ అయిపోతే ఏటి లాభం? నీ కొడుకు ఇచ్చింది నాలుగు వారాల్లో తిరిగొచ్చేస్తాది. నీ కోడలు తిరిగి రాదు."

అత్త కొడుకు చెయ్యి వదిలి లేచి, తన రవిక చెయ్యి పైకి మడిచి, "అయితే ముందు నాది తియ్యండి" అంది. అరవై దాటిన మనిషిది తీసుకోరని చెబితే, "ముసిల్దాని రగతం ఎర్రగా ఉండదేటి?" అని దెబ్బలాడింది. అది విని, వెంట వచ్చి గోడల పక్కన నిలబడి ఉన్న వర్క్‌షాపు మనుషులు ఒక్కొక్కరే ముందుకొచ్చారు. ఆయన గ్రూపు నాకు సరిపోయింది. ఇంకో ఇద్దరివీ సరిపోయాయి. చేతికి కొత్త కట్టుతో బనమాలి కూడా వరసలో నిలబడితే, అప్పుడే అంత రక్తం పోగొట్టుకున్నవాడివి నువ్వేమిస్తావని తిట్టి పంపారు. అతను వెళ్లలేదు. సాయంత్రం వరకు మెట్ల మీద కూర్చున్నాడు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో పొద్దు వాలుతోంది. పొట్ట మీద మంట. యార్డులో బండ్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. పుట్టిన దగ్గర నుంచీ వింటున్న చప్పుడే, ఆ సాయంత్రం అదెంత బాగుందో చెప్పలేను. ప్లీహం తీసేశారని చెప్పారు. ఇంకో గంట స్టూలు మీద కూర్చుని ఉంటే అంతేనని సర్జన్ గారు అన్నారు. ఈసారి నాతోనే అన్నారు.

మూడు రోజులు అత్త వరండాలోనే ఉంది. ఇంటికి వెళ్లమంటే వెళ్లదు. కరుణను పక్కింటివాళ్లకు అప్పగించి వచ్చింది. లోపలికి రానిచ్చినప్పుడు నా కాళ్లు ఒత్తేది. మిగతా వేళంతా ఆ వరండా బల్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి క్యాజువాల్టీలోకి చూసేది. వచ్చేవాళ్లను చూసేది, ఏడ్చేవాళ్లను చూసేది. రెండో రోజు, కొడుకును లోపలికి తీసుకెళ్తే బయట కూలబడిపోయిన ఒక హిందీ ఆవిడకు తన చెంబులో నీళ్లిచ్చి, భాష రాకపోయినా గంటసేపు వీపు నిమిరిందని ఆయా చెప్పింది.

మా ఇంటివాళ్ల మధ్య అసలు గొడవ రెండో వారంలో, ఆసుపత్రి మంచం దగ్గరే వచ్చింది. కుట్లు విప్పారు. గంజి దాటి మెత్తటి అన్నానికి వచ్చాను. మా ఆయన నా మంచం పక్కన కూర్చుని జేబులోంచి కాగితం తీశాడు. ఉద్యోగం మానేస్తున్నట్టు నా పేరు మీద రాయించుకొచ్చాడు. సంతకం ఒక్కటే బాకీ.

"ఇంక సాలు సుందరీ. రోడ్డు మీద పడి సావబోతా కూడా ఎవుడి సెయ్యో పట్టుకుని కూకున్నావు. నీకు లోపల రగతం పోతన్నా తెలీనేదు. ఇదేటి ఉద్యోగం, మనిషికి తన ఒల్లు తనకి తెలీకుండా సేసీది?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే కుట్లు పడిన చోట నొప్పి. పొట్టను చేత్తో అదుముకున్నాను.

అత్త జామకాయ కోస్తోంది. అవి బనమాలి తెచ్చినవి, వాళ్ల ఊరి చెట్టువట. కత్తి పళ్లెంలో పెట్టి, "ఆ కాయితం ఇలాగియ్యి" అంది. ఆమెకు చదువు రాదు. తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపుకుంది.

"అమ్మా, నువ్వే కదా ఇన్నాళ్లూ..." అన్నాడు ఆయన.

"అన్నాను. మరి మూడు రోజులు ఆ బల్ల మీద కూకున్నాను నాను. మీ నాయన్ని తెచ్చిన రోజు నా దగ్గిరకొచ్చి ఒక్కలైనా కూకోనేదు. ఏటయిందో సెప్పినోలు నేరు. ఆ బెంగాలీ గుంట నా సెయ్యి పట్టుకుని సెప్పింది. ఆ గుంటకి నేర్పిందెవులు? నీ పెళ్లామే. ఇది మానేస్తే రేపొచ్చినోలకి ఎవులు సెప్తారు?"

శేఫాలికి చెయ్యి పట్టుకోవడం నేను నేర్పలేదు. అది తనకే వచ్చు. ఆ సంగతి అత్తకు చెబుదామనుకున్నాను. కానీ ఆ క్షణంలో చెప్పలేదు. తర్వాత చెప్పాను, నవ్వింది. మా ఆయన నా వైపు జరిగి, "అయితే ఒకటి. నీకు దెబ్బ తగిలితే తగిలిందని సెప్పాలి. అంతే" అన్నాడు. సరేనన్నాను. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. జామకాయ ముక్క ఒకటి నా నోట్లో పెట్టాడు. ఆపరేషన్ తర్వాత నేను కొరికిన మొదటి గట్టి వస్తువు అదే. మెత్తటివే తినమన్నారని మాలో ఎవరికీ గుర్తులేదు. ఆ పూట శేఫాలి మమ్మల్ని ముగ్గురినీ చీవాట్లు పెట్టింది.

శేఫాలిని క్షమాపణ అడగడానికి నాకు ఇంకో వారం పట్టింది. నా కట్టు మారుస్తుంటే అడిగాను. "ఆరోజు అందరి ముందూ అలా అనకూడదు నాను."

"మాట మంచిదే కదా దీదీ, గుర్తుండిపోయింది" అంది. కట్టు ముడి వేసి, "కానీ శానా ఏడిసినాను" అని కూడా అంది. అదీ వినవలసిన మాటే, విన్నాను.

దుర్గాపూజ పందిళ్లు వేస్తున్న రోజుల్లో మళ్లీ డ్యూటీకి వెళ్లాను. అత్త కొత్త తెల్లచీర ఇస్త్రీ చేయించి ఉంచింది. నేను భయపడుతూనే వెళ్లాను. నేను పడుకున్న ఆ బల్ల చూడగానే గుమ్మంలోనే ఆగాను. శేఫాలి తుడవమని గుడ్డ చేతికిచ్చింది. తుడిచాను. తుడుస్తుంటే భయం తగ్గింది.

పదకొండు గంటలకు యార్డు నుంచి ఒకతన్ని తెచ్చారు. పాతికేళ్లుంటాయి, మన తెలుగువాడే. కాలి మీద ఇనుప సామాను పడింది. తెచ్చిన నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అతను మాత్రం పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆ చూపు ఎక్కడ ఆగి ఉందో నాకు తెలుసు. నేను వంగి నా ముఖం అతనికి ఎదురుగా తెచ్చాను.

"నా పేరు సుందరమ్మ. నాను నర్సుని. నీ దగ్గరే ఉంటాను. ఏటి సేసినా ముందు నీకు సెప్పే సేస్తాను. సరేనా?"

పెదాలు కదిలాయి. మావైపు అక్కను అప్పా అంటాం. "అప్పా, నిజం సెప్పు. నా కాలున్నాదా?"

పాత సుందరమ్మ అయితే మాట్లాడకుండా పడుకోమని చెప్పి ఉండేది. నేను దుప్పటి కింద చెయ్యి పెట్టి అతని పాదం పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. మడమ పక్కన నాడి కూడా కొట్టుకుంటోంది.

"ఉన్నాది. విరిగినట్టున్నాది, డాక్టరుగారు సూస్తారు. కానీ ఉన్నాది. ఇదిగో, నాను పట్టుకున్నాను. తెలుస్తన్నాదా?"

అతను కళ్లు మూసుకుని, ఎక్కడో దూరం నుంచి వింటున్నట్టు కాసేపు ఆగాడు.

"తెలుస్తన్నాది. నీ సెయ్యి సల్లగా ఉన్నాదప్పా" అన్నాడు.

పక్కన శేఫాలి ఫక్కున నవ్వింది. అతని ముఖంలోనూ నవ్వు లాంటిదేదో కదిలింది. నేను రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని, వెచ్చబడ్డాక, మళ్లీ అతని పాదం మీద పెట్టాను.